ఏటిపాల బ్యాటు

నాకు కోపం ముక్కు మీదే ఉంటాది. ముందే సెప్పీసేను, మజ్జిలో అడ్డు రాకండి. నా పేరు వరహాలు, వడ్రంగిని. మాది శృంగవరపుకోట పక్క ఊరు. కొండల్లోంచి రైలు లైను ఏసిన రోజుల్లో పనికొచ్చేను, లైను అయిపోయినా కిందకి దిగనేదు. అరకు స్టేషనుకి ఎదురుగా రేకుల షెడ్డు ఏసుకుని నాగళ్ళు, తలుపులు, మంచాలు సేసేవోడిని. ఎవుడైనా నా పనికి వంక పెడితే ఆడి సరుకు ఆడి కాళ్ళ కాడ పడీసి, ఇంకోడి దగ్గిరికి పొమ్మనీవోడిని. ఈ లోయలో ఇంకోడు ఎవుడున్నాడని నా పొగరు. ఇప్పుడు సెప్పబోయేదంతా ఆ పొగరు సేసిన పనే.

క్రికెట్టు అంటే మొదట్లో నాకు ఒళ్ళుమంట. పనీపాటా నేనోళ్ళు ఎండలో నిలబడి బంతి కోసం కాసుకోడం ఏటి? స్టేషనులో గుమస్తా గణపతిరావు గారు ఒక ఆదివారం పిడి ఇరిగిన బ్యాటు పట్టుకొచ్చేరు. "వరహాలూ, దీన్ని బతికించగలవా?" అన్నారు. పిడి ఊడదీసి సూద్దును కదా, అలాటి కర్ర నాను జన్మలో ముట్టుకోనేదు. తెల్లగా పీటంత వెడల్పుంది గానీ సేతికి బరువు తెలీదు. గోరుతో నొక్కితే గోరు దిగుతాది. అంత మెత్తటిది బంతి తగిలితే మాత్రం తుళ్ళించి పంపుతాది. అది ఇంగ్లీషు విల్లో అనీసి ఆయన సెప్పేరు. ఆ రోజు నుంచి ఆ కర్ర పిచ్చి నాకూ పట్టింది.

ఆయన దగ్గిర ఇనీ, సేత్తో తడిమీ నేర్సుకున్నాను. ఇంగ్లీషుది తేలిక, బంతిని బాగా తోలుతాది, కానీ బేగి సితికిపోతాది. కాశ్మీరుది కొంచెం గోధుమరంగు, బరువెక్కువ, గట్టిది. మొదట్లో మొండికేత్తాది. అవిసె నూనె పట్టించి, కొయ్యసుత్తితో వారాల తరబడి కొట్టి దారికి తెచ్చుకోవాల. తెచ్చుకుంటే ఏళ్ళకేళ్ళు పని సేత్తాది, పేదోడికి అదే దిక్కు. ఏదైనా గానీ గీతలు పైనుంచి కిందదాకా తిన్నగా ఉండాల, ముడి ఉండకూడదు, లోపల కొంచెం తడి మిగలాల. తడంతా పోతే పెళుసుబారిపోతాది. మా మద్ది, మా తుమ్మ అలా కావు, ఎండేకొద్దీ గట్టిపడతాయి. ఈ తేడా తెలిసినోడు ఈ కొండల్లో నానొక్కడినే.

గణపతిరావు గారోళ్ళు ఆడీ మైదానానికి ధనరాజు పనసకాయలు అమ్ముకోడానికి ఒచ్చేడు. అనంతగిరి వైపు కొండ మీద ఊరు ఆళ్ళది, కొండదొరల తెగ. కాఫీ నర్సరీలో రోజుకూలి, మొక్కలకి అంట్లు కట్టే పని. తన తట్టలో పడ్డ బంతిని తీసి ఇసిరితే తిన్నగా వికెట్లకి తగిలింది. గణపతిరావు గారు ఆడిని పిలిచి సేతికి బ్యాటిచ్చేరు. ఎవుడూ ఏటీ నేర్పనేదు. బంతి దగ్గిరికొచ్చేదాకా ఊరుకుని, సివరాఖరికి మణికట్టు తిప్పీవోడు, అంతే. నాలుగేళ్ళకి ఆడిని ఔటు సెయ్యడం ఎవుడి వల్లా కాకుండా పోనాది. ఇరవైరెండేళ్ళోడు, పొట్టోడు, నవ్వితే పళ్ళన్నీ కనిపించీవి.

సాయంత్రాలు నా షెడ్డుకొచ్చి రంపప్పొట్టు మీద కూసుని, "మేస్త్రీ, నాకూ ఒక బ్యాటు సేసిపెట్టవా" అనీవోడు.

"నీకు బ్యాటేల్రా, నాగలి సేత్తాను దున్నుకో" అనీవోడిని.

ఎన్ని తిట్టినా నవ్వీవోడు. నాకు పెళ్ళాంబిడ్డల్లేరు. ఆడు రాని రోజు నాకు పని సాగీది కాదు. ఆ మాట ఆడితో ఎప్పుడూ అన్నేదు, ఇప్పుడు మీకు సెప్తన్నాను.

ఆడి తల్లి సోములమ్మ. మొగుడు జొరమొచ్చి పోనాడు. కొండవాలు మీద కాస్త సామలు, సోళ్ళు పండించుకుంటాది. ఆషాఢం ఒచ్చేసరికి ఇంట్లో గింజుండదు. అప్పుడు మామిడి టెంకలు పగలగొట్టి, లోపలి జీడి దంచి, నీళ్ళలో నానేసి అంబలి కాసుకుంటారు. ఆ కొండ మీద ఇళ్ళన్నిట్లోనూ అదే తిండి. టెంక బూజుపడితే ఆ అంబలే ఇషం. ఒక వానాకాలం అది తాగి ధనరాజు సెల్లెలు, పదకొండేళ్ళ గుంట, తెల్లారేసరికి పోనాది.

డెబ్బైతొమ్మిది ఎండాకాలంలో గణపతిరావు గారు కబురు తెచ్చేరు. విశాఖలో ఒక ఫ్యాక్టరీ తన టీముకి ఆటగాళ్ళని తీసుకుంటంది, కార్తీకంలో ఆట పెట్టి ఎంచుతారు, ఎంచినోడికి పర్మినెంటు ఉద్యోగం. ధనరాజు పేరు ఆయనే రాసి పంపేరు. నెలజీతం, క్వార్టరు, ఆసుపత్రి. ఆ మూడు మాటలు ఆ కొండ మీద ఎవురూ ఇన్నేదు.

సంత రోజున సోములమ్మ నా షెడ్డు ముందు తట్ట దించుకుని నిలబడింది. "మేస్త్రీ, ఆడికి మంచి బ్యాటు సెయ్యి. ఆ ఉద్యోగం ఒస్తే ఇంక నాను టెంకలు దంచక్కర్నేదు" అంది.

"సెయ్యనంటన్నానేటి, ఎల్లు" అన్నాను.

గణపతిరావు గారి తోడల్లుడు జలంధరులో ఉంటారు. ఆయన సేత కాశ్మీరు సెక్కలు రెండు రైలు పార్సిల్లో తెప్పించేరు. ఒకటి తనకి, ఒకటి ధనరాజుకి. రెంటిలో గీతలు తిన్నగా ఉన్నదాన్ని ఆయనే ఎంచి, ఇది ధనరాజుది అనీసి సుద్దతో గుర్తెట్టేరు. పెద్దమనిషి. "జాగ్రత్త వరహాలూ, చెడిపోతే మళ్ళీ తెప్పించడానికి నెల పడుతుంది" అన్నారు. నాకు ఎక్కడలేని రోసం ఒచ్చింది. "బాబూ, మద్దిమానునే వంచినోడిని, ఈ మెత్తకర్ర నాకో లెక్కా" అన్నాను.

ఆయనది ముందు సేసేను, బాగా కుదిరింది. రెండోది మొదలెట్టేను. పిడి దిగడానికి సెక్క తలకాయలో గాడి తియ్యాల. రంపంతో కోసుకుంటూ పోవాల్సింది, బద్ధకించి ఉలి పెట్టేను. మద్ది మీద కొట్టీ దెబ్బ కొట్టేను. సేతికి అదే అలవాటు మరి. సెక్క పైనుంచి కిందదాకా రెండుగా సీలిపోనాది.

ఆ రెండు ముక్కల ముందు పొద్దుగూకేదాకా కూసున్నాను. ఎల్లి, తప్పయిపోనాది బాబూ, ఇంకోటి తెప్పించండి అంటే సరిపోను. కార్తీకానికి ఇంకా అయిదు నెలలుంది. నెల ఆలీసమైతే ఏటి మునిగిపోతాది? ఆ ముక్క నా నోటంట రానేదు. అంత కోత కోసీసిన నోరది.

నా షెడ్డులో ఓ మూల ఏటిపాల దుంగుంది. కొండల్లోంచి పారీ గెడ్డల పక్కన పెరుగుతాది ఆ సెట్టు. ఇదీ విల్లో జాతేనని ఫారెస్టు గార్డు ఒకాయన ఎప్పుడో సెప్పేడు. రెండేళ్ళుగా నీడన ఆరింది. సెక్కి సూసేను, రంగు ఇంచుమించు కాశ్మీరుదే. తేలిక. బంతిని కూడా పరవాలేదు, తోలుతాది. కానీ గీతలు వంకర, నార వదులు, పైగా భుజం కాడ, పిడి దిగే సోట, గోళీ అంత ముడి. ఆ ముడిని తొలిసి, లక్కా రంపప్పొట్టూ కలిపి కూరి, గీతలు కూడా గీసీసేను. అంత బాగా సేసేను, మర్నాడు నాకే వెతుక్కుంటే గానీ కనబళ్ళేదు. అవిసె నూనె పట్టించి, పదిహేను రోజులు సుత్తితో కొట్టి, పాత బ్యాటు పిడి బిగించి, ధనరాజు సేతిలో పెట్టేను.

"కాశ్మీరుదేనా మేస్త్రీ?" అన్నాడు.

"కాక నీ తాతదా?" అన్నాను.

ఆడు దాన్ని బుగ్గకి ఆనించుకున్నాడు. నాను మొగం తిప్పీసుకుని, "తడి తగలనీకు, సెడిపోతాది" అనీసి పనిలో పడ్డాను. అంతే సెప్పేను. పొడిగా ఎంతుండాల, ఎక్కడెట్టాల, ఏటీ సెప్పనేదు. ఆ బ్యాటు ఎంత బేగి నా కళ్ళ ముందునుంచి పోతాదా అనుంది నాకు.

వానలు పడ్డాయి. మా కొండల్లో వానంటే మూడునెల్లు గోడలు కూడా సెమ్మగిల్లిపోతాయి. కొండ మీద ప్రతి ఇంట్లోనూ పొయ్యికి పైన వెదురు అటకుంటాది. ఇత్తనాల మూటలు, జొన్నకంకులు, సొరబుర్రలు, కొత్త నాగలికర్ర, అన్నీ దాని మీదే. కింద పొయ్యి ఆరదు, పైన పొగ పట్టిన వస్తువుకి పురుగు పట్టదు. ఇంట్లో ఏది పోయినా పోవచ్చు గానీ అటక మీది ఇత్తనం పోకూడదు. తడి తగలనీకు అన్నాను కదా, సోములమ్మ ఆ బ్యాటుకి పసుపు రాసి, ఇత్తనాల మూటల పక్కన ఆ అటక మీదే పడుకోబెట్టింది. ఆళ్ళకి తెలిసిన మర్యాదల్లో అంతకి మించింది నేదు.

దసరా పోయి కార్తీకం ఒచ్చేక అది కిందకి దిగింది. మైదానానికి ఆడు తెస్తే సూసేను. మసి తుడిసేడు గానీ వాసన పోనేదు, నల్లటి సార ఒకటి అంచుకి అలాగే ఉంది. సేతిలోకి తీసుకుంటే ఇంకా తేలికైపోనాది. పొయ్యి మీద ఎండిపోనాదని తెలుస్తానే ఉంది. కానీ నాను భుజం కాడ సూసేను ముందు. లక్క పెట్టిన సోట ఎంట్రుకంత గీత, లక్కకీ కర్రకీ మజ్జిన. ఆట ఇంకా మూడు రోజులుంది.

ధనరాజు నా మొగమే సూత్తన్నాడు. "ఎలాగుంది మేస్త్రీ?"

"బాగుంది" అన్నాను.

మూడు రోజుల్లో ఏ అప్పో సప్పో సేసి ఎవుడి బ్యాటైనా తేవొచ్చు. గణపతిరావు గారి బ్యాటుంది, ఆ కాశ్మీరుదే, అడిగితే ఇచ్చీవోరు. అడగాలంటే ఎందుకో సెప్పాల. సెప్పాలంటే ముడి సంగతి సెప్పాల. ఒక్క ఆటకి ఆగుతాదిలే అని నాకు నానే సెప్పుకున్నాను. దేవుడికి కూడా మొక్కుకున్నాను, సిగ్గునేకుండా.

విశాఖకి ముగ్గురం బండెక్కి ఎల్లేం. మైదానంలో టెంటు, కుర్చీలు, టోపీలు పెట్టుకున్న పెద్దమనుసులు. ధనరాజు నాలుగో వాడిగా దిగేడు. గ్లౌజులు ఎవుడివో, కుడిసేతి రెండు వేళ్ళ కాడ దూది పోయి ఉత్త గుడ్డే మిగిలింది. మొదటి బంతి ఆడిన తీరుకే టెంటులో మాటలాగిపోనాయి. అరగంట ఆడేడు. ఆ ఏటిపాల కర్ర నిజంగానే పలికింది, నాను అబద్దం ఆడను. ఒక టోపీ పెద్దమనిషి గణపతిరావు గారి దగ్గిరికొచ్చి, "ఎవరండీ ఈ కుర్రాడు, ఏ ఊరు?" అనడిగి కాయితం మీద రాసుకున్నాడు. గణపతిరావు గారు నా సెయ్యి పట్టుకుని నొక్కేరు. ఇంకో పది నిమిషాలు ఆగవే అనీసి ఆ కర్రని బతిమాలుతన్నాను.

ముప్పైయెనిమిది మీదున్నాడు. పొడుగోడు ఒకడు బలంగా ఏసేడు. ధనరాజు అడ్డు పెట్టేడు, కొట్టను కూడా కొట్టనేదు. భుజం కాడ టప్పుమంది. సెక్క ఒక పక్కకి ఎగిరిపోయి, ఆడి సేతిలో పిడి, దాని కింద బెత్తెడు తునకా మిగిలేయి. ఆ బంతి ఆగనేదు, తిన్నగా ఎల్లి కుడిసేతి వేళ్ళ మీద పడింది. ఆడు కేకెయ్యనేదు. మోకాళ్ళ మీద కూసుండిపోనాడు.

గ్లౌజు కత్తిరించి తీసేరు. రెండు వేళ్ళు ఇరిగి పక్కకి తిరిగిపోనాయి. ఇంకో బ్యాటిత్తామన్నారు, పట్టుకోడానికి సెయ్యేదీ? టోపీ పెద్దమనిషి దగ్గిరికొచ్చి, "బాగా ఆడావయ్యా" అన్నాడు, జాలిగానే అన్నాడు. సాయంత్రానికి పేర్లు సదివితే ఆడి పేరు నేదు. ఆ ఏడాదికి పని సెయ్యగలిగినోడు కావాల ఆళ్ళకి.

పేర్లు సదవకముందే, టెంటు ఎనకాల, ధనరాజు కట్టు కట్టిన సెయ్యి ఒళ్ళో పెట్టుకుని, "ఏల ఇరిగింది మేస్త్రీ?" అనడిగేడు. ఆ పిడి తునక అప్పటికే నా సంచిలో ఉంది, ఎవురూ సూడకుండా తీసి పెట్టీసుకున్నాను. ముడి అందులోనే ఉంది. గణపతిరావు గారు మిగతా సెక్క అందుకుని, ముక్కు దగ్గిర పెట్టుకుని, "ఏమిటిది, పొగ వాసనొస్తోంది?" అన్నారు.

నాకు తలుపు తీసినట్టయిపోనాది. "పొయ్యి మీదెట్టేరేట్రా దీన్ని?" అన్నాను.

"అమ్మ అటక మీదెట్టింది. తడి తగలకుండా."

"సంపీసేరు. ఈ కర్రకి లోపల తడుండాల. పొగలో ఎండబెడితే పెళుసుబారిపోతాది. మీరు నాగలనుకున్నారేటి దీన్ని?"

నాను అన్న దాంట్లో ఒక్క ముక్క అబద్దం నేదు. కర్ర సంగతి తెలిసిన ఎవుణ్ణి అడిగినా అదే సెప్తాడు. గణపతిరావు గారు కూడా తలూపేరు. కానీ అది ఇరిగింది పొగకి కాదు. పొగకి పెళుసెక్కితే సెక్క ముందు అంచుల్లో పగుళ్ళు తీసి పెచ్చులు లేత్తాది, ఈ సెక్కకి అంచులు సుబ్బరంగా ఉన్నాయి. ఇరిగింది ముడి కాడ, నా లక్క కాడ. ధనరాజు నవ్వడం మానీసింది అప్పుడే.

మర్నాడు ఆడిని ఒక్కడినీ కొండెక్కించడానికి మనసొప్పక ఎంట ఎల్లేను. సోములమ్మ గుమ్మంలోనే ఉంది. కట్టు సూసి, "ఏటైంది నాయనా" అంది. ఆడు సెప్పేడు. సెప్పి, "నువ్వే సంపీసినావు. నా నోటికాడ కూడు నువ్వే తీసీసినావు" అన్నాడు.

ఆవిడ నా వైపు తిరిగింది. "తడి తగలనీకు అన్నావు కదా మేస్త్రీ?" అంది. తగువులాగ కాదు, తెలుసుకుందామని అడిగింది.

"తడి తగలనీకంటే పొయ్యి మీదెట్టమనా అర్థం? అడగడానికి నోర్నేదా నీకు?" అనీసి అరిసేను. ఇరుగుపొరుగు బయటికొచ్చేరు. ఎంత గట్టిగా అరిత్తే నా తప్పు అంత లోపలికి పోతాదనుకున్నానేటో.

సోములమ్మ లోపలికెల్లి పీటేసుకుని అటక మీదవన్నీ దించింది. సామల మూటలు, కందుల మూట, జొన్నకంకులు, సొరబుర్రలో ఆనపగింజలు, అన్నీ. మసి పట్టిన మూటల్ని వరసగా నేల మీద పెట్టి, కొంగుతో తుడిసి, గదిలో ఓ మూల కుండల్లో పోసీసింది. పొగకి కర్ర సచ్చిపోతే ఇత్తనం సావదా అనుకున్నాది కావాల. నాకు అప్పుడు అర్థం కానేదు. సూత్తా నిలబడి, సూసి ఎల్లిపోనాను. షెడ్డుకొచ్చి సంచిలోని ఆ తునక పొయ్యిలో పెట్టి, బూడిదయ్యేదాకా అక్కడే కూసున్నాను.

ధనరాజు వేళ్ళు వంకరగా అతుక్కున్నాయి. అంట్లు కట్టడానికి ఆ వేళ్ళు పనికిరానేదు, నర్సరీవోళ్ళు ఒద్దన్నారు. పుష్యమాసంలో ఎక్కడో ఆనకట్ట పనికి మనుసుల్ని తోలుకుపోయే లారీ ఒచ్చింది. ఎక్కే ముందు నా షెడ్డుకొచ్చేడు.

"అమ్మకి సెప్పనేదు మేస్త్రీ. దాన్ని సూత్తే నాకు కోపం ఒచ్చెత్తంది. నువ్వు సెప్పు" అన్నాడు. ఆ వంకర వేళ్ళతో నా భుజం తట్టి, "పాపం నువ్వు అంత కష్టపడి సేసినావు, వృధా అయిపోనాది" అన్నాడు.

అప్పుడైనా సెప్పాల. లారీ హారన్ కొడతంది. "బేగి ఒచ్చీరా" అన్నాను. అంతకన్నా సావడం నయం.

ఆ ఎండాకాలం పోయి వానలు పడ్డాయి. ఒక శుక్రవారం సంతలో సోములమ్మ పక్కూరోళ్ళ దగ్గిర ఇత్తనం కోసం కొంగు పట్టి నిలబడ్డం సూసేను. కొండ మీద తిండిగింజలు అడుగుతారు, అది తప్పు కాదు. ఇత్తనం అడగడం మాత్రం సిగ్గుసేటు. ఏటైందని పక్కనున్న రత్నాలుని అడిగేను. రత్నాలు ఆళ్ళ ఊరిదే, అడ్డాకులు అమ్ముతాది.

"ఇత్తనం అటక మీదెట్టడం మానీసింది కదా మేస్త్రీ. కుండలో పురుగు పట్టీసింది. సల్లింది సల్లినట్టే పోనాది, ఎక్కడా మొలక నేదు. పొగ పెట్టవే అని మేం ఎంత సెప్పినా, నా సేత్తో పొగ పెట్టింది బతకదు అంటాది" అంది.

కొడుకుని దూరం సేసేననుకున్నాను, అంతటితో పోనేదు. ఆవిడ తల్లీ, ఆ తల్లి తల్లీ నమ్ముకున్న పొయ్యి మీద నమ్మకం కూడా తీసీసేను. మర్నాడు పొద్దున్నే కొండెక్కేను.

పెరట్లో రాయి మీద టెంకలు పగలగొడతంది. నాను నిలబడే సెప్పేను, కూసుంటే సెప్పలేనని. కాశ్మీరు సెక్క సీల్సీసిన సంగతి, ఏటిపాల సంగతి, ముడి, లక్క, ఎంట్రుకంత గీత, అన్నీ. "ఇరిగింది నీ పొగకి కాదు సోములమ్మా. నా దొంగపనికి ఇరిగింది. నీ తప్పు గోరంత నేదు. ఇత్తనం అటక మీదెట్టుకో" అన్నాను. సెప్తంటే కళ్ళంట నీళ్ళు కారిపోనాయి, తుడుసుకోనేదు.

ఆవిడ సేతిలో రాయి ఆపి ఇన్నాది. అంతా ఇని, "కూసో మేస్త్రీ" అంది. లోపలికెల్లి దాకలో అంబలి తెచ్చి నా ముందు పెట్టింది.

"నువ్వు మంచోడివి. నా బాధ సూళ్ళేక నీ నెత్తినేసుకుంటన్నావు" అంది.

"నాను నిజం సెప్తన్నాను."

"ఆ రోజు అంత కోపంగా అరిసినావు. తప్పు సేసినోడు అలాగ అరుత్తాడా? నీ కర్ర పాడైపోనాదని నీ కడుపు మండబట్టే కదా."

నాకు కోపం ఒచ్చింది. నాను ముడి కూరేనంటే నమ్మవేటని మళ్ళీ అరిసేను. ఆ ముక్క సూపించమంది. కాల్సీసేనన్నాను. ఆవిడ సిన్నపిల్లోడిని సూసినట్టు సూసింది నన్ను. "గణపతిరావు బాబు కూడా పొగే అన్నారంట కదా. సదువుకున్నోరు" అంది. ఎవుడి సేత సాక్ష్యం సెప్పించను? సాక్ష్యాలన్నీ నానే బూడిద సేసేను. ఏటి సెప్పినా ఆవిడ తలూపుతానే ఉంది, ఒక్క ముక్క లోపలికి పోడం నేదు.

సివరికి ఆవిడే అంది. "ఒక పని సెయ్యి మేస్త్రీ. ధనరాజు ఒచ్చినప్పుడు ఈ మాటే ఆడితో కూడా సెప్పు. ఇలాగే ఏడుస్తా సెప్పు, ఆడు నమ్ముతాడు. అబద్దమైనా పరవానేదు. నా మీద కోపం పోతే ఇంటికొచ్చెత్తాడు."

అంబలి సేదుగా ఉంది. పారబొయ్యలేక తాగేను.

ఇది జరిగి నాలుగేళ్ళు. ఆ లారీలో ఎల్లినోళ్ళలో ఇద్దరు తిరిగొచ్చేరు. ధనరాజు ఆ పని ఒగ్గీసి ఇంకా ఎక్కడికో ఎల్లిపోనాడన్నారు. ఎక్కడికో ఆళ్ళకి తెలీదు. గణపతిరావు గారు సెలవు పెట్టి, నాను షెడ్డు మూసి, రెండుసార్లు ఆ ఆనకట్ట దాకా ఎల్లి అడిగేం. రెండోసారి తిరిగొచ్చిన దారిలో ఆయనకీ నిజం సెప్పీసేను. ఆయన అరకు ఒచ్చేదాకా నాతో మాటాడనేదు, ఆ తరవాత కూడా నేదు.

ఆ ఇంట్లో అటక ఇప్పటికీ ఖాళీ. ఏటా ఎవురో దయదల్చి ఇచ్చిన ఇత్తనం సల్లుకుంటాది. బాగా వంగిపోనాది మనిషి. శుక్రవారం సంతకొచ్చినప్పుడల్లా నా షెడ్డు ముందు తట్ట దించుకుని, అటూ ఇటూ సూసి, ఎవురూ ఇనకుండా అడుగుతాది.

"ఆడొత్తే సెప్పాల్సిన అబద్దం మరిసిపోనేదు కదా మేస్త్రీ?"

"మరిసిపోనేదు" అంటాను.